అయిదుగురి పూచీకత్తు

హౌబాన్
రజబ్ నెల, పదో రోజు

చెల్లెలు ఇబ్తిహాల్‌కి, అక్క తఖియ్యా సలాం.

నీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగే ఓపిక లేదు, ఏమీ అనుకోకు. మునీఫ్‌ను పట్టుకుపోయారు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

మీ వీధి పంపు బాగుచేసి తిరిగొస్తుంటే మావైపు ఆఖరి చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారట. సంచీలో నీ స్కూలు నోటుబుక్కులోంచి చింపిన కాగితం దొరికింది. వెనకవైపు మోటారు వైర్ల బొమ్మ గీసుకున్నాడు. అది మీ సైనికుల కోసం గీసిన మావైపు మ్యాపు అన్నారట. పక్క సీట్లో కూర్చున్న మనిషి వచ్చి చెప్పాడు. ‘‘అన్నా, ఇది పంపు. ఇదిగో మోటారు, ఇది స్విచ్చి’’ అని వీడు వేలుపెట్టి చూపిస్తూనే ఉన్నాడట. ‘‘మోటారైతే ఇంత చిన్నగా ఎందుకు గీశావ్?’’ అన్నాడట ఒకడు.

వాడికి ఇరవై రెండేళ్ళు. మీసం వచ్చాక కూడా బల్లిని చూసి మంచమెక్కే పిల్లాడు. వాడికి మ్యాపులట!

రోజూ పొద్దున్నే పోయి జైలు గేటు ముందు రాయి మీద కూర్చుంటున్నాను. ‘‘ఆ పేరుగలవాడు ఇక్కడ లేడు’’ అంటారు. నేను తెచ్చిన రొట్టె మాత్రం తీసుకుంటారు. ‘‘లేనివాడికి రొట్టెందుకయ్యా?’’ అన్నాను. ‘‘ఇస్తే ఇవ్వు, లేకపోతే పో’’ అన్నాడు. ఇచ్చాను. రొట్టె తీసుకున్నారు కాబట్టి వాడు లోపల ఉన్నాడని నమ్ముతున్నాను.

నువ్వు ఆ తల్లుల సంఘంలో ఉన్నావు కదా. అంత చదివావు. ఏదో ఒకటి చెయ్యి. ఫోన్ మాత్రం చెయ్యకు, చెక్‌పోస్టులో ఫోన్లు విప్పి చదువుతున్నారు. జున్ను అమ్మే వర్దా పెద్దమ్మ వారానికోసారి మీవైపు వస్తుంది. ఆడవాళ్ళ మూటలు ఇంకా విప్పడం లేదు. ఈ ఉత్తరం జున్ను ఆకు కింద పెడుతున్నాను.

యుద్ధం ఊరిని రెండు ముక్కలు చేశాక పావుగంట దారి, కొండల మీదుగా ఏడు గంటలు అయిపోయింది. లేకపోతే ఈ మాటలన్నీ నీ ఒళ్ళో తలపెట్టుకుని చెప్పేదాన్ని.

నీ అక్క

◆

తయిజ్ నగరం
రజబ్, పద్దెనిమిదో రోజు

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు గుమ్మంలోనే కూర్చుండిపోయాను. పంపు బాగుచెయ్యమని పిలిచింది నేను. నువ్వు ఆ మాట రాయలేదు. రాసి ఉంటే బాగుండేది.

నీళ్ళు వస్తున్నాయక్కా. ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడి ‘‘నీ అక్క కొడుకు చల్లగా ఉండాలి’’ అంటున్నారు. వినలేక తలుపు వేసుకున్నాను.

సంఘం సంగతి చెబుతాను. తొమ్మిదిమంది ఆడవాళ్ళం, మా బడిలో గోడ పడిపోయిన గదిలో కూర్చుంటాం. జాబితాలు రెండున్నాయి. ఒకటి సైనికులది. రెండువైపుల మగవాళ్ళూ బేరమాడుకుంటారు, ఇటు ఒకణ్ణి వదిలితే అటు ఒకణ్ణి. దాని జోలికి మేం పోం. రెండోది మాది. ఇంట్లోంచి, దుకాణంలోంచి, రోడ్డు మీంచి ఎత్తుకుపోయినవాళ్ళది. వీళ్ళను ఎవరికీ బదులుగా కాదు, ఊరికే వదలాలని అడుగుతున్నాం. తప్పు చెయ్యనివాణ్ణి బేరంలో పెట్టకూడదు కదా.

పదకొండు పేర్లుండేవి. పన్నెండోది మునీఫ్‌ది రాశాను. ప్రతి పేరుకూ ఎదురుగా వాళ్ళ పని రాస్తాం. ఒకాయన దర్జీ, ఒకాయన ఖురాన్ చెప్పే పంతులు, ఒకాయన చేపలమ్మేవాడు. మనవాడి పేరు ఎదురుగా ‘పంపులు బాగుచేసేవాడు’ అని రాశాను. అక్షరాలు వంకర పోయాయి. పక్కనున్నావిడ ‘‘టీచరమ్మ రాతేనా ఇది!’’ అంది.

దుప్పటి పంపించు. ఆ గదులు నేలమాళిగలు, చలి ఎక్కువ.

ఇబ్తిహాల్

◆

హౌబాన్
షాబాన్, రెండో రోజు

ఇబ్తిహాల్,

జైలు నుంచి బయటికొచ్చిన ముసలాయన ఒకాయన మా గుమ్మంలో నిలబడి లోపలికి రానన్నాడు. ‘‘నా ఒంటి నిండా పేలమ్మా’’ అన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. మునీఫ్, ఆయన ఒకే గదిలో ఉన్నారట. పధ్నాలుగుమంది ఉన్న గదిలో వంతులవారీగా పడుకుంటారట. వాడు దగ్గుతున్నాడు. గుడ్డలో ఎర్రగా పడుతోంది. నా దుప్పటి వాడికి చేరలేదు.

నీ జాబితాలో మొదటి పేరు ఎన్నేళ్ళుగా ఉంది? నాకు తెలుసులే. వర్దా పెద్దమ్మ చెప్పింది, ఆరేళ్ళు. ఆరేళ్ళలో ఆ పదకొండుమందిలో ఎంతమంది ఇంటికొచ్చారు? పన్నెండో వాడికి వంతు ఎప్పుడొస్తుంది? అప్పటికి వాడి ఊపిరితిత్తులు ఉంటాయా?

రంజాన్ పండగకు ముందు సైనికుల మార్పిడి ఉందని ఇక్కడ అందరూ అంటున్నారు. మునీఫ్‌ను ఆ జాబితాలో పెట్టించు. మీ సైనికుడే అని చెప్పించు. జనరల్ అని చెప్పించినా నాకు అభ్యంతరం లేదు. వాడు బతికి బయటికొస్తే చాలు, నిన్ను నెత్తిన పెట్టుకుంటాను. నీ కాళ్ళు పట్టుకుంటున్నాను అనుకో. అక్కగా కాదు, తల్లిగా అడుగుతున్నాను.

◆

తయిజ్
షాబాన్, పదో రోజు

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను.

నువ్వడిగింది నేను చెయ్యలేను. ఆ జాబితాలో పేరు పడిందంటే వాడు చేతిలో తుపాకీ ఉన్నవాడేనని మేమే ఒప్పుకున్నట్టు. బయటికొచ్చినా ఇటువైపే ఉండాలి, జన్మలో హౌబాన్‌లో కాలు పెట్టలేడు. పెడితే ఈసారి ఉరికొయ్యే. ఇక మిగిలిన పదకొండుమంది? ‘‘మీ అమాయకులలో ఒకడు సైనికుడని మీరే రాసిచ్చారు కదా, మిగతావాళ్ళూ అంతే’’ అంటారు. చేపలమ్మేవాడి తల్లి నా పక్కనే కూర్చుంటుంది. ప్రతి వారం కొడుకు చొక్కా ఉతికి, ఆరేసి, మడతపెట్టుకుని తెస్తుంది, ఇవాళ వదులుతారేమోనని. ఆమె మొహం ఎలా చూడను?

నాకు పిల్లలు లేరు కాబట్టి ఇలా రాయగలుగుతున్నానని నువ్వనుకుంటావు. నేనూ అదే అనుకుంటున్నాను.

మందు పంపుతున్నాను. దగ్గుకు. ఎవరినైనా బతిమాలి లోపలికి చేర్చు.

◆

హౌబాన్
రంజాన్, మూడో రోజు

టీచరమ్మా,

పాఠం బాగా చెప్పావు. అర్థమైంది. నీ పదకొండుమందినీ నువ్వు చూసుకో. నా ఒక్కణ్ణి నేను చూసుకుంటాను, దానికి దారి దొరక్కపోదు.

నువ్వు రంజాన్‌కని పంపిన ఖర్జూరాలు వర్దా పెద్దమ్మతో తిప్పి పంపుతున్నాను. మందు ఉంచుకున్నాను.

ఉత్తరాలు రాయకు.

◆

తయిజ్
రంజాన్, పంతొమ్మిదో రోజు

అక్కా,

రాయొద్దన్నావు. రెండు ముక్కలే.

ఓపిక పట్టు. పండగలోపు మంచి కబురు ఉండవచ్చు. ఎలా అని అడగకు, ఎవరితోనూ అనకు. నా మీద కోపం అలాగే ఉంచుకో, తర్వాత తీరిగ్గా తిడుదువు గాని.

◆

హౌబాన్
రంజాన్, ఇరవై ఏడో రోజు

నా బంగారు చెల్లీ,

నీకు మంచి కబురు ఎలా తెలిసిపోయింది? నేనింకా ఎవరితోనూ అనలేదే! సరేలే, ఇప్పుడు చెప్పొచ్చు. ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా దాచాను, నోరు దాటితే పని చెడుతుందని. కోపం కూడా ఉండింది, అబద్ధమెందుకు.

రంజాన్ మొదటివారంలో మా వీధి పెద్ద, రొట్టెల బట్టీ అబ్దుల్ వాసి లేడూ, ఆయన మా ఇంటికొచ్చాడు. ‘‘తఖియ్యమ్మా, ఎన్నాళ్ళని ఆ రాయి అరగదీస్తావు? మన పద్ధతి మనకుంది కదా’’ అన్నాడు. వీధిలో అయిదిళ్ళవాళ్ళు కలిసి ఎద్దును కొన్నారు. తోలుకుపోయి మన తెగ పెద్ద షేక్ మారిబ్ గుమ్మం ముందు కోశారు. ఎద్దు రక్తం గుమ్మం ముందు పడ్డాక ఆయన కాదనలేడు కదా, కాదంటే తన పేరే పోతుంది. ఇవతలికి వచ్చి, ‘‘అబ్బా, గుమ్మమంతా పాడుచేశారు కదరా! సరే చెప్పండి, ఎవరి పిల్లాడు?’’ అన్నాడు.

షేక్ వెళ్ళి జైలు అధికారితో కూర్చున్నాడు. వాళ్ళు పూచీదార్లను అడిగారు. అబ్దుల్ వాసితో కలిసి అయిదుగురు వెళ్ళారు. ‘‘మునీఫ్ జన్మలో తుపాకీ పట్టినవాడు కాదు. అటువైపు సైన్యానికి ఏమీ కానివాడు. అబద్ధమైతే వాడి బదులు మేముంటాం’’ అని ఖురాన్ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టారు. కాగితం మీద వేలిముద్రలు వేశారు. నడుముకున్న కత్తులు తీసి బల్ల మీద పెట్టారు. అబ్దుల్ వాసి కత్తి వాళ్ళ తాతది. తిరిగొస్తున్నప్పుడు ఆయన చెయ్యి మాటిమాటికీ ఖాళీ నడుముకు పోతోంది. ‘‘బట్టల్లేకుండా నడుస్తున్నట్టుందమ్మా’’ అని నవ్వాడు.

పండగ ముందురోజు వదులుతామన్నారు. ఇంకా రెండు రోజులు! ఇల్లు కడిగాను. వాడి పరుపు ఎండలో వేశాను. టమాటా పచ్చడి నూరి పెట్టాను, వాడికి కారం తగ్గిస్తే నచ్చదు, దగ్గు తగ్గేదాకా తిట్టుకుంటూ తింటాడు.

నిన్ను ఆరోజు అలా అన్నందుకు నా నోరు పడిపోను. ఖర్జూరాలు మళ్ళీ పంపించు.

నీ అక్క

◆

తయిజ్
పండగ రోజు

అక్కా,

నీ ఉత్తరం వర్దా పెద్దమ్మ నా చేతికిచ్చేటప్పటికి మునీఫ్ నా వంటింట్లో రొట్టె తింటున్నాడు.

బతికే ఉన్నాడు. ముందు అది చదువుకో. బాగా చిక్కిపోయాడు, దగ్గుతున్నాడు, కానీ నడుస్తున్నాడు. డాక్టరు చూశాడు. మందులు మొదలుపెట్టాం.

ఇక మిగతాది రాస్తాను. నువ్వు ఖర్జూరాలు తిప్పి పంపినరోజు మా స్కూలు పక్కన ఉండే దళపతి దగ్గరికి వెళ్ళాను. ఆయన కూతురికి లెక్కలు చెబుతాను. ‘‘ఒక్క కాగితం కావాలి’’ అన్నాను. ‘‘మీరా అడుగుతున్నది?’’ అన్నాడు. అడిగాను. మునీఫ్ తన దళంలోవాడని, ఫలానా నంబరని, ఫలానా తేదీన చేరాడని రాసి ముద్ర వేసి ఇచ్చాడు. ఆ కాగితంలో ఖాళీలు పూరించింది నా చేత్తోనే. ఈసారి అక్షరాలు వంకర పోలేదు. సైనికుల జాబితాలో కలిపి మీవైపుకు పంపారు. నిన్న మార్పిడి జరిగింది. బస్సులోంచి వాడు ఆఖరున దిగాడు.

నీ అయిదుగురి కాగితం, నా కాగితం ఒకే బల్ల మీదికి వెళ్ళాయక్కా. ‘తుపాకీ పట్టినవాడు కాదు’ అని అది. ‘మా సైనికుడు’ అని నాది.

నీతో ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. సిగ్గుపడ్డాను. నీకు నీతులు చెప్పి మళ్ళీ నేనే ఆ పని చేశానని ఎలా చెప్పను? నీకు నీ కొడుకును చూపించాక చెబుదామనుకున్నాను.

అబ్దుల్ వాసి ఎలా ఉన్నాడు? వెంటనే రాయి. నా కాగితం అబద్ధమని రాసి సంతకం పెట్టి ఇస్తాను, ఎవరికి కావాలంటే వాళ్ళకి. దళపతి నన్నేం చేసినా సరే.

◆

హౌబాన్
షవ్వాల్, ఎనిమిదో రోజు

ఇబ్తిహాల్,

పండగ నమాజు నుంచి వస్తుంటే అయిదుగుర్నీ బండి ఎక్కించారు. అబ్దుల్ వాసి కొత్త బట్టల్లో ఉన్నాడు. బట్టీ ఆరిపోయింది. మా వీధికి రొట్టె లేదు.

పరుగెత్తాను. గేటు దగ్గర నా చెల్లెలి కాగితం అబద్ధమని అరిచాను. ఆ అధికారి నవ్వాడు. ‘‘ఒక కాగితం మీ చెల్లెలు రాసింది, ఒకటి మీ వీధి పెద్ద రాశాడు. రెండింట్లో ఒకటి అబద్ధం. మేం పట్టుకోగలిగినవాణ్ణి పట్టుకున్నాం’’ అన్నాడు. నువ్వు ఇంకో కాగితం రాస్తే మూడోది అవుతుంది. మన కాగితాలకు ఇక్కడ విలువ లేదు. రాయకు. నీ చేత్తో ఇంక ఏదీ రాయకు.

షేక్ మారిబ్ దగ్గరికీ వెళ్ళాను. తన గుమ్మం ముందు కోసిన ఎద్దు నవ్వులపాలైందని మండిపడుతున్నాడు. ‘‘పద్ధతి నీకు తెలియదా? పూచీ పడ్డవాళ్ళు కదలాలంటే ఎవడికోసం పూచీ పడ్డారో వాడు వచ్చి నిలబడాలి. వాణ్ణి తెచ్చి నిలబెట్టు, అయిదుగుర్నీ నా చేత్తో ఇంటికి తెస్తాను’’ అన్నాడు.

అర్థమైందా? ఈ సంగతి మునీఫ్‌కు చెప్పకు. అయిదుగురు లోపలున్నారని కూడా చెప్పకు. నా మీద ఒట్టు.

నిన్ను తిడదామని కూర్చున్నాను. తిట్టలేకపోతున్నాను. వాడు నీ దగ్గర రొట్టె తింటున్నాడని చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం అల్లాకు తెలుసు. ఆ సంతోషంతోనే నిద్ర లేస్తున్నాను, బయటికి రాగానే అబ్దుల్ వాసి భార్య సబూహా ఎదురవుతుంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తన గుమ్మం ముందు ఊడుస్తూ నా గుమ్మం ముందు కూడా ఊడ్చిపోయింది.

ఇప్పుడు ఆ రాయి మీద ఆరుగురం కూర్చుంటున్నాం, అయిదిళ్ళ ఆడవాళ్ళూ నేనూ. నేనక్కడ కూర్చోకూడదు, నా కొడుకు బయటే ఉన్నాడు కదా. అయినా లేవలేను. అందుకే మీవైపు రాను. వాణ్ణి చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది, అయినా రాను.

వాడి జుట్టు కత్తిరించారా? ఎంత పొడుగుంది ఇప్పుడు?

◆

తయిజ్
షవ్వాల్, పదహారో రోజు

అక్కా,

వాడికి చెప్పాను.

తిట్టు. నీ ఒట్టు తప్పాను. కావాలని చెప్పలేదు. నిన్న వాడు ఛాయ్ తాగుతూ, ‘‘పిన్నీ, అబ్దుల్ వాసి మామ రొట్టెలాంటిది ఈ ఊళ్ళో ఎవడూ చెయ్యలేడు. ఎలా ఉన్నాడు మామ?’’ అన్నాడు. బాగున్నాడని చెప్పడానికి నోరు తెరిచాను. వాడి మీద ఒక అబద్ధం రాశాను, ఇంకొకటి వాడి మొహం మీద చెప్పలేకపోయాను. నీళ్ళు నములుతుంటే వాడే, ‘‘ఏమైంది పిన్నీ? చెప్పు’’ అన్నాడు.

అంతా చెప్పాను. ఎద్దు, ఒట్టు, కత్తులు, ఆ రాయి. వాడు ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అడిగాడు: ‘‘మామ కత్తి కూడా ఇచ్చేశాడా?’’

గుమ్మానికి అడ్డం నిలబడ్డాను అక్కా. ‘‘వెళితే నిన్ను చంపుతారురా, సైనికుడని నేనే రాసిచ్చాను’’ అన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. వాడు నన్ను లేపి, ‘‘నువ్వు రాసింది అబద్ధం పిన్నీ, వాళ్ళు ఒట్టేసింది నిజం. నిజం చెప్పినవాళ్ళు లోపలుంటే నేను బయట ఏం తిని ఏం చేసేది?’’ అన్నాడు. ఇంత మాట మాట్లాడతాడని నాకు తెలియదు. మనింట్లో బల్లికి భయపడే పిల్లాడే కదా.

పొద్దున్నే పంపు దగ్గరికి వెళ్ళి, ఏదో బోల్టు వదులైందని బిగించి వచ్చాడు. తర్వాత వర్దా పెద్దమ్మ బండి ఎక్కాడు. ఈ ఉత్తరం ఆమె ఒళ్ళో ఉన్న బుట్టలో పెడుతున్నాను, వాడు ఆమె పక్క సీట్లో ఉన్నాడు. ఇది వాడికంటే ముందు నీకు చేరితే వాణ్ణి దారిలోనే ఆపు. ఎలాగో నాకు తెలియదు. ఆపు.

మందులు సంచీలో పెట్టాను, నెలకు సరిపడా.

◆

హౌబాన్
షవ్వాల్, ఇరవయ్యో రోజు

ఇబ్తిహాల్,

వాడు ముందు వచ్చాడు, నీ ఉత్తరం తర్వాత వచ్చింది.

మధ్యాహ్నం నమాజు వేళ. రాయి మీద ఆరుగురం ఉన్నాం. ఎవరో పొడుగ్గా నడిచొస్తున్నారు, నేను గుర్తుపట్టలేదు. సబూహా గుర్తుపట్టింది. ‘‘అయ్యో నా తల్లీ’’ అంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడు నేరుగా ఆమె దగ్గరికి వచ్చి తల ముద్దుపెట్టుకున్నాడు. మిగతా నలుగురికీ ఒక్కొక్కరికీ సలాం చెప్పాడు. ఆఖర్న నా దగ్గర కూర్చున్నాడు.

నేను కొట్టాను. చెంప మీద, అందరి ముందూ. తర్వాత ఆ చెంపే పట్టుకుని ఏడ్చాను. ‘‘అమ్మా, ఆకలేస్తోంది. రొట్టె ఉందా?’’ అన్నాడు. అబ్దుల్ వాసి కోసం తెచ్చింది ఉంది. సగం తుంచి ఇచ్చాను. పచ్చడి నంజుకుని తిన్నాడు, కారం తక్కువైందన్నాడు.

వెళ్ళకురా అని నేను అనలేదు చెల్లీ. అది నీకు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. నా ఎదురుగా అయిదుగురు ఆడవాళ్ళు, ఒక్కరు కూడా వాడి వంక చూడకుండా నేల చూస్తూ కూర్చున్నారు. వాళ్ళు చూసి ఉంటే నేను అనేదాన్నేమో.

చేతులు దులుపుకుని, లేచి, వెళ్ళి గేటు తట్టాడు.

షేక్ మారిబ్ మాట నిలబెట్టుకున్నాడు. సాయంత్రానికి నలుగురు వచ్చారు, మర్నాడు అబ్దుల్ వాసి. కత్తులు ఇవ్వలేదు. బట్టీ వెలిగింది. మొదటి రొట్టె మా ఇంటికి తెచ్చి, చేతికివ్వలేక గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. నేనూ బయటికి వచ్చి ఆయన మొహం చూడలేకపోయాను.

ఇవాళ పొద్దున మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. ఒక్కదాన్నే అనుకున్నాను. సబూహా వచ్చింది. వెనకే మిగతా నలుగురూ వచ్చారు. గేటువాడు, ‘‘మీ మగవాళ్ళను వదిలేశాం కదా, ఇంకేం కావాలి?’’ అన్నాడు. సబూహా, ‘‘మా పిల్లాడు లోపలున్నాడు’’ అంది.

‘‘ఆ పేరుగలవాడు ఇక్కడ లేడు’’ అన్నాడు. రొట్టె తీసుకున్నాడు.

మందులు ఇచ్చాను. అవి చూసి వెనక్కి విసిరేశాడు. రేపు మళ్ళీ తీసుకెళతాను.

నేను వద్దన్నా వింటావా, ఏడుస్తూ కూర్చుంటావు. కూర్చోకు. ఆ పడిపోయిన గోడ గదికి వెళ్ళు. చేపలమ్మేవాడి తల్లి ముందు కూర్చుని నువ్వు చేసింది చెప్పు. ఉమ్మితే తుడుచుకో. తర్వాత నీ జాబితా తియ్యి. పన్నెండో పేరు కొట్టేసి ఉంటావు, మళ్ళీ రాయి. నెమ్మదిగా, పిల్లలకు నేర్పేటట్టు గుండ్రంగా రాయి. దాని ఎదురుగా దళం, నంబరు, తేదీ ఏమీ వద్దు.

పంపులు బాగుచేసేవాడు అని రాయి.

తఖియ్యా